సైంధవ శబ్ద విచారము



ఒక మాట ఎన్ని అర్థములను ధరించునో, అందులో దేనిని ఎప్పుడు గ్రహింపవలెనో తెలుపుటకు మన పెద్దలు ఒక చిన్న ఉదాహరణమును చెప్పుచు వచ్చిరి. యజమాని సేవకునితో 'సైంధవము తెమ్ము' అనెను. విస్తరి ముందు కూర్చుండి అన్నచో సేవకుడు ఉప్పును తేవలెను. ప్రయాణమునకు సిద్ధమై వాకిట నిలిచి అన్నచో గుఱ్ఱమును తేవలెను. భోజన సమయమున గుఱ్ఱమును తెచ్చి నిలిపినవాడును, ప్రయాణ సమయమున ఉప్పు మూట పట్టుకొని వచ్చినవాడును మాటను విన్నవారే గాని, మాట చెప్పినవాని భావమును విన్నవారు కారు. వ్యాకరణము చదువువానికైనను, అలంకార శాస్త్రము చదువువానికైనను ఈ ఉదాహరణము ఎదురుకాక మానదు.

ఈ దినమున ఆ సైంధవ శబ్దమునే విచారింతము. ఇది ఒక దేశము పేరు నుండి పుట్టిన పదము. దీనికి ఉప్పు అనియు, గుఱ్ఱము అనియు, ఆ దేశపు రాజు అనియు, మన తెలుగులో అడ్డుపడువాడు అనియు అర్థము లెట్లు కలిగినవి? వీనిలో ఒక అర్థమును ఉపనిషత్తు బ్రహ్మవిద్యను బోధించుటకు ఎట్లు వినియోగించినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో, శాస్త్రవాక్యములను వినవలసిన తీరు మనకు తెలియును.

ఊరి పేరు మాటగా మారుట

ఊరి పేరు క్రొత్త అర్థములను సంతరించుకొనుట ఈ శ్రీరాంపూర్ వాసులకు తెలియని విషయము కాదు. సింగరేణి యనునది ఖమ్మం జిల్లాలో ఇల్లెందు సమీపమున గల ఒక గ్రామము. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడైన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిల్వలను కనుగొనెను. 1920లో బొగ్గు త్రవ్వు కంపెనీకి ఆ గ్రామము పేరు స్థిరపడినది. నేడు ఇచ్చట ఒక తల్లి 'మా పిల్లవానికి సింగరేణి వచ్చినది' అన్నచో, విన్నవారిలో ఎవ్వరును ఆ గ్రామమును తలంపరు. ఉద్యోగము దొరకినదని సంతోషింతురు. 'సింగరేణి ప్రాంతము' అన్నచో గోదావరీ తీరమున వ్యాపించిన బొగ్గు గనుల సీమ యంతయు అర్థమగును. ఆ గ్రామమును కన్నులార చూడనివారు సైతము తమ జీవనమునకు ఆ గ్రామము పేరే చెప్పుకొనుచున్నారు.

మన వాడుకలోని 'బాయి' యను మాటను గూడ చూడుడు. వ్యవసాయదారుని యింట 'బాయి కాడికి పోయినాడు' అన్నచో పొలములోని బావి దగ్గరకు వెళ్ళెనని అర్థము. గని కార్మికుని యింట 'బాయికి పోయినాడు' అన్నచో బొగ్గుగనిలో పనికి వెళ్ళెనని అర్థము. మాట ఒక్కటియే. ఇల్లు మారినది, అర్థము మారినది.

శ్రీరాంపూర్ అను పేరును తీసికొన్నను ఇంతియే. మంచిర్యాల చెంత మన శ్రీరాంపూర్ ఒకటి. పెద్దపల్లి జిల్లాలో కాల్వ శ్రీరాంపూర్ మరియొకటి. మహారాష్ట్రమున ఒక శ్రీరాంపూర్ కలదు. వంగదేశమున హుగ్లీ తీరమున గల శ్రీరాంపూర్‌లో విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయినది. ఆ సంగతి చదివిన తెలుగువాడు ఆ అచ్చుకూటమును మన గోదావరి ఒడ్డున వెదకినచో ఏమి లాభము? కావున పేరు తెలిసినంత మాత్రమున వస్తువు తెలిసినట్లు కాదు.

సింధు శబ్దము నుండి సైంధవ శబ్దము

సైంధవ పదమునకు మూలము సింధు శబ్దము. ప్రవహించుట అను అర్థము గల ధాతువు నుండి ఈ పదము పుట్టినదని నిరుక్తకారుడైన యాస్కుడు చెప్పెను. కావున సింధువనగా మొదట ప్రవహించునది, అనగా నది. వేదమున ఈ మాట నదులన్నింటికి సామాన్య నామముగాను, ఒక మహానదికి విశేష నామముగాను కనబడును. తరువాతి కాలమున సముద్రమునకును, ఆ నది పారు దేశమునకును అదియే పేరైనది. మనము పూజకు ముందు కలశమున ఆవాహనము చేయు ఏడు నదులలో గంగా యమునలతో పాటు మన గోదావరియు, దూరముననున్న సింధువును కలవు. సింధు నదిని చూడనివారు గూడ ప్రతిదినము తమ కలశమునకు ఆ నదిని పిలుచుచునే యున్నారు.

పారసీకుల భాషలో మన సకారము పెక్కు చోట్ల హకారముగా పలుకబడును. వేదమునందలి సప్తసింధువులకు వారి ప్రాచీన గ్రంథమైన అవెస్తాలో సమానముగా కనబడు పదము 'హప్త హిందు'. సింధు తీరమున నుండు వారిని వారు ఆ నది పేరుతోనే పిలిచిరి. గ్రీకులు ఆ హకారమును గూడ విడిచిరి. హిందూ అను పేరును, ఇండియా అను పేరును ఆ మార్గమున వచ్చినవియే. నదిని చెప్పిన మాట దేశమును చెప్పినది, దేశమును చెప్పిన మాట ప్రజలను చెప్పినది, కాలక్రమమున వారి ధర్మమును గూడ చెప్పినది. సైంధవ శబ్దమును, హిందూ శబ్దమును ఒక్క నదికి పుట్టిన తోబుట్టువులని తెలియవలెను.

సైంధవ పదము సిద్ధించు విధము సులభము. సింధు శబ్దముపై ప్రత్యయము చేరగా మొదటి ఇకారమునకు వృద్ధి కలిగి ఐకారమగును. చివరి ఉకారము గుణమును పొంది, 'అవ' అని మారును. అప్పుడు సైంధవ మగును. సింధు దేశమున పుట్టినది, ఆ దేశమునకు సంబంధించినది, ఆ దేశము పూర్వుల నివాసముగా గలవాడు అను అర్థములు దీనికి కలుగును. పాణిని మహర్షి అష్టాధ్యాయి నాల్గవ అధ్యాయమున ఇట్టి దేశవాచక శబ్దములను గూర్చి విశేషముగా విధించెను. విదేహ రాజపుత్రి వైదేహి, కేకయ రాజపుత్రి కైకేయి, గాంధార రాజపుత్రి గాంధారి అయినది ఇట్టి రీతిగానే. కుంకుమపువ్వునకు కాశ్మీరమను పేరును, చందనమునకు మలయజమను పేరును అవి పుట్టిన చోటును బట్టియే వచ్చినవి.

ఉప్పు, గుఱ్ఱము

సింధు దేశము ప్రాచీన కాలమున రెండు వస్తువులకు ప్రసిద్ధి చెందెను. ఒకటి రాతి నుండి త్రవ్వి తీయు ఉప్పు, రెండవది మేలుజాతి గుఱ్ఱము. ఇతర దేశములలో 'సింధు దేశపు ఉప్పు', 'సింధు దేశపు గుఱ్ఱము' అని పలుకువారు రాను రాను వస్తువు పేరును విడిచి 'సైంధవము' అని మాత్రమే పలుకసాగిరి. వినువారికి అదియే చాలినది.

సైంధవ లవణము సముద్రపు ఉప్పు వంటిది కాదు. మనకు ఉప్పు అనగా సముద్రపు నీటిని మళ్ళలో ఎండబెట్టగా వచ్చునది. సైంధవము పురాతన కాలమున ఇంకిపోయిన సముద్రము భూమిలో పొరలుగా నిలిచి గట్టిపడగా ఏర్పడినది. నేడు పాకిస్తానులోని పంజాబు సీమలో ఖేవ్రా గనుల నుండి దానిని త్రవ్వి తీయుచున్నారు. భూగర్భము నుండి బొగ్గును తీయువారి నడుమ నున్న మనకు, ఉప్పును గూడ గని నుండి తీయుదురన్నచో ఊహించుట కష్టము కాదు. లవణములన్నింటిలో సైంధవము శ్రేష్ఠమని చరక సంహిత చెప్పుచున్నది. ఉత్తర దేశమున ఉపవాస దినములందు సముద్రపు ఉప్పును విడిచి దీనినే వాడుదురు.

అమరకోశమును వల్లించినవారికి ఒక విశేషము తెలిసియుండును. అమరసింహుడు సైంధవ శబ్దమును రెండు చోట్ల చెప్పెను. గుఱ్ఱము పేర్లలో చెప్పినది క్షత్రియ వర్గమున, ఉప్పు పేర్లలో చెప్పినది వైశ్య వర్గమున. గుఱ్ఱము యుద్ధమునకు కావలసినది, ఉప్పు వాణిజ్యమునకు కావలసినది. కోశకారుడు పదమును చెప్పుటలోనే సందర్భమును గూడ చెప్పినట్లైనది.

సైంధవుడు

ఇక మహాభారతమునకు వత్తము. మన పల్లెలలో సైంధవుడను మాట వినగానే ఉప్పును, గుఱ్ఱమును ఎవ్వరు తలంతురు? ఎవడైన శుభకార్యమునకు అడ్డు తగిలినచో 'సైంధవునివలె అడ్డుపడినాడు' అందురు. పత్రికలవారు 'సైంధవ పాత్ర' అని వ్రాయుదురు. ఈ అర్థము తెలుగునాట ప్రజల నోట స్థిరపడినది. దీనికి కారణము జయద్రథుడు.

జయద్రథుడు వృద్ధక్షత్రుని కుమారుడు, సింధు దేశాధిపతి, కౌరవుల యేకైక సోదరి యైన దుస్సల భర్త. పాండవుల వనవాస కాలమున వారు లేని వేళ ద్రౌపదిని అపహరించెను. పాండవులు వెంటాడి పట్టుకొనగా భీముడు వానిని అవమానించి విడిచెను. దుస్సల వైధవ్యము పొందకుండవలెనని ధర్మరాజు వాని ప్రాణములను కాపాడెను. ఆ క్షమకు కృతజ్ఞుడు కావలసినవాడు పగ పెంచుకొని శివుని గూర్చి తపస్సు చేసెను. అర్జునుడు తప్ప తక్కిన పాండవులను ఒక్క దినము నిలువరించు వరమును పొందెను. అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన తెనిగించెను గనుక ఈ ఘట్టము మనకు ఆయన వాక్కున లభించినది.

ఆ వరము ఫలించినది యుద్ధమున పదుమూడవ దినమున. పద్మవ్యూహమును ఛేదించుకొని బాలుడైన అభిమన్యుడు లోనికి చొచ్చెను. వెనుక రాబోయిన నలుగురు పాండవులను సైంధవుడు వ్యూహద్వారమున నిలిపివేసెను. లోపల బాలుడు ఒంటరియై హతుడయ్యెను. మరునాడు సూర్యాస్తమయము లోపల సైంధవుని వధింతునని అర్జునుడు ప్రతిజ్ఞ చేసి నెరవేర్చెను. ద్రోణపర్వమును తిక్కన సోమయాజి తెనిగించెను. తెలుగువారి హృదయమున ఆ ద్వారము నేటికిని మూసియే యున్నది. అందుచేతనే అడ్డుపడువానికి ఆ పేరు.

ఇచ్చట ఒక్క విషయము ఆలోచింపుడు. సైంధవుడనగా కేవలము సింధు దేశమువాడు. ఆ పదములో ఏ దోషమును లేదు. అదే దేశపు ఉప్పు ఔషధములలో శ్రేష్ఠము, అదే దేశపు గుఱ్ఱము రాజులకు భూషణము. ఒక్క మానవుడు ఒక్క దినమున ఒక్క ద్వారమున చేసిన పనివలన ఆ దేశము పేరు తెలుగునాట నిందావాచకమైనది. విదేహ దేశము పేరును చూడుడు. ఒక్క సీతమ్మ వలన వైదేహి యనునది ప్రాతఃస్మరణీయ మైనది. వ్యాకరణ రీతిలో రెండును దేశవాచకము నుండి పుట్టినవే. ఒకదానిని వినగానే చేతులు జోడింతుము, మరియొకదానిని వినగానే ముఖము చిట్లింతుము. ఈ భేదమును కలిగించినది ప్రత్యయము కాదు, నడవడి.

వ్యాసమహర్షి ఆ దేశమును శాశ్వతముగ నిందలో విడువలేదు. ఆశ్వమేధిక పర్వమున యాగాశ్వము వెంట అర్జునుడు సింధు దేశమునకు పోయెను. సైంధవులు, అనగా ఆ దేశపు యోధులు, పగతో ఎదిరించిరి. అప్పుడు దుస్సల పసివాడైన మనుమని ఎత్తుకొని రణభూమికి వచ్చి శాంతిని వేడెను. పుత్రశోకము ననుభవించిన ఆ అర్జునుడే చెల్లెలిని ఓదార్చి, యుద్ధమును మాని, ఆమెను గౌరవముతో ఇంటికి పంపెను. సైంధవుడన్నచో ఆ ఒక్కని పాపము, సైంధవులన్నచో ఒక జాతి. ఒక్కని దోషమును ఊరికంతకు అంటగట్టరాదని అర్జునుడు ఆచరించి చూపెను. కులమును బట్టియో, ఊరును బట్టియో మనుష్యులను నిందించువారు ఈ ఘట్టమును మరువరాదు.

అర్థమును నిర్ణయించుట ఎట్లు?

పదమునకు పెక్కు అర్థములున్నప్పుడు దేనిని గ్రహింపవలెనో తెలుపు సాధనములను భర్తృహరి వాక్యపదీయమున వరుసగా చెప్పెను. కొన్నింటిని మాత్రము చూతము.

మొదటిది ప్రకరణము, అనగా సందర్భము. దీనికి సైంధవమే ఉదాహరణము. రెండవది సాహచర్యము. రామలక్ష్మణులన్నచో దశరథరాముడు, రామకృష్ణులన్నచో బలరాముడు. మూడవది విరోధము. రామార్జునుల వైరమన్నచో పరశురాముడును, కార్తవీర్యార్జునుడును. నాల్గవది సంసర్గము. హరి శబ్దమునకు సింహము, కోతి, ఇంద్రుడు మొదలగు అర్థములున్నను, శంఖచక్రములు గల హరి యన్నచో విష్ణువే. ఐదవది దేశము, ఆరవది కాలము. చిత్రభానుడను పదమునకు సూర్యుడనియు అగ్నియనియు అర్థములు గలవు. పగలు ప్రకాశించుచున్నాడన్నచో సూర్యుడు, రాత్రి అన్నచో అగ్ని.

ఇవి పండితులకు మాత్రమే కావలసినవని తలంపవలదు. కోడలు అన్న మాటలో ఒక్క ముక్కను పట్టుకొని అత్త నొచ్చుకొనుట, అన్నదమ్ములలో ఒకడు కోపమున అన్న మాటను రెండవవాడు పదియేండ్లు మోయుట మనము చూచుచునే యున్నాము. ఎప్పుడు అన్నాడు, ఎవరితో అన్నాడు, దేని తరువాత అన్నాడు అని విచారించినచో సగము కలహములు చల్లారును. ఇంటి మాటకే ఇంత విచారము అవసరమైనప్పుడు వేదవాక్యమునకు ఎంత అవసరము!

ఉపనిషత్తులో సైంధవము

బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్య మహర్షి సన్న్యసింప సంకల్పించి తన ధనమును మైత్రేయి, కాత్యాయని యను ఇరువురు భార్యలకు పంచ నెంచెను. మైత్రేయి ధనమును కోరలేదు. అమృతత్వమును గూర్చి అడిగెను. ఆమెకు చేసిన బోధలో మహర్షి సైంధవ ఖండమును దృష్టాంతముగా చెప్పెను. ఉప్పు గడ్డను నీటిలో వేసినచో కరిగిపోవును. దానిని మరల చేతితో పట్టి తీయలేము. కాని ఆ నీటిని ఎచ్చట రుచి చూచినను ఉప్పుగనే యుండును. ఆ విధముగనే అనంతమైన చైతన్యము సర్వత్ర నిండియున్నది.

శంకర భగవత్పాదులు ఇచ్చట సైంధవ పదమునకు చెప్పిన అర్థము చాల రమ్యమైనది. సింధువనగా ప్రవహించునది, అనగా నీరు. ఆ నీటి వికారమే సైంధవము. లోకమున ఈ మాటకు ఏ దేశముతో సంబంధమున్నను, ఈ భాష్యమున నీటితో సంబంధము చెప్పబడినది. నీటి నుండి పుట్టిన ఉప్పు గడ్డకట్టి వేరు వస్తువువలె కనబడెను. మరల నీటిలో చేరగా తన మూలమునే పొందెను. జీవుడును అట్లే. నామరూపములచే గడ్డకట్టి 'నేను వేరు' అని తలంచుచున్నాడు. ఆ కాఠిన్యము కరగినచో మిగులునది మూలమైన పరమాత్మయే. ఇచ్చట సైంధవమును గుఱ్ఱమని గ్రహించినచో బ్రహ్మవిద్య యంతయు నవ్వులపాలగును.

ఆ బోధలోనే మరియొక మాట వచ్చినది. ఉప్పు గడ్డ దృష్టాంతము చెప్పిన వెంటనే మహర్షి, దేహమును విడిచిన పిదప సంజ్ఞ లేదని చెప్పెను. అంతటి బ్రహ్మవాదిని యైన మైత్రేయియే ఆ మాటకు కలవరపడెను. నన్ను మోహమున పడవైచితివని భర్తతో అనెను. మరణానంతరము ఏమియు మిగులదని ఆమెకు తోచినది. తన వారిని పోగొట్టుకొన్న యింట ఈ ఒక్క వాక్యమును మాత్రము చదివినచో వినువారికి ఏమి తోచునో ఆలోచింపుడు. గనులలో ఆప్తులను కోల్పోయిన కుటుంబము లున్న ఈ సీమలో ఆ ప్రశ్న పుస్తకములలోని ప్రశ్న మాత్రమే కాదు.

తాను మోహము కలిగించుటకు చెప్పలేదని మహర్షి సమాధాన మిచ్చెను. సంజ్ఞ అనగా ఇచ్చట చైతన్యమే లేకపోవుట కాదు. నేను ఫలానివాడను, ఫలానివాని కుమారుడను, ఇది నా పొలము, ఇది నా ధనము అను విశేష జ్ఞానము లేకపోవుట యని భాష్యకారులు వివరించిరి. అదే బోధ నాల్గవ అధ్యాయమున మరల వచ్చినప్పుడు, ఆత్మకు నాశము లేదని మహర్షి స్పష్టముగ పలికెను. అచ్చట సైంధవ ఘనమునకు లోపల వెలుపల యను భేదము లేక అంతయు రసమే యైనట్లు, ఆత్మయు అంతయు ప్రజ్ఞానమే యని చెప్పబడినది. ఒక్క వాక్యమును విరిచి తీసికొన్నచో భయము కలిగించినది, ప్రకరణమంతయు చదివినచో అభయమిచ్చుచున్నది.

గ్రహింపవలసినది

భగవద్బంధువులారా! దీని నుండి మనము గ్రహింపవలసినవి రెండు. ఎవరైనను శాస్త్రములోని ఒక్క మాటను చూపి 'మీ గ్రంథము ఇట్లు చెప్పుచున్నది' అన్నచో తొందరపడి ఒప్పుకొనను వలదు, కోపగింపను వలదు. దానికి ముందేమున్నది, వెనుకేమున్నది, ఎవరు ఎవరితో చెప్పిరి అని అడుగుడు. తెలిసిన పెద్దల యొద్ద ప్రకరణమంతయు వినుడు. సైంధవము తెమ్మన్నప్పుడు యజమాని భోజనమునకు కూర్చుండెనో, ప్రయాణమునకు నిలిచెనో చూచినవాడే మంచి సేవకుడు.

రెండవది, పేరును గూర్చినది. ఊరి పేరు మనకు పుట్టుకతో వచ్చును. దానికి అర్థమును కలిగించునది మన నడవడి. వైదేహి వలన విదేహమునకు కీర్తి, సైంధవుని వలన సింధు దేశమునకు నింద కలిగినవి. శ్రీరాముని నామమే పేరుగా గల ఈ ఊరివాడు పరదేశమునకు పోయి 'మాది శ్రీరాంపూర్' అన్నప్పుడు, వినువాడు ఆ పేరునకు ఏ అర్థమును చెప్పుకొనవలెనో నిర్ణయించునది కోశము కాదు. ఒకని మంచి పనికి అడ్డుపడక, చేయువానికి దారి విడిచి, చేతనైనచో చేయూత నిచ్చి జీవింతుము గాక.

శ్రీ సీతారామచంద్రులు మనకందరకు అట్టి బుద్ధిని ప్రసాదింతురు గాక. శుభమస్తు.